ఎలమంచిలి దాకా టర్బైను బండిలో

"మీరు రాసిందాన్లో సగం రైటు మాస్టారూ" అంది ఫోనులో ఓ గొంతు.

ఆ సగం అన్న మాట మూడు వారాలు నన్ను నిద్రపోనివ్వలేదు. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు ఇంజన్ల పాఠం చెప్పినవాణ్ణి. రిటైరయ్యాక గుడివాడలో ఉంటూ చిన్న సైన్సు మాసపత్రికకు అప్పుడప్పుడూ వ్యాసాలు రాస్తుంటాను. ఈసారి రాసింది హైబ్రిడ్ కార్ల గురించి. ఒక రకం హైబ్రిడ్‌లో చక్రాలను తిప్పేది కరెంటు మోటారు. ఇంజను పని బ్యాటరీకి ఛార్జింగు పెట్టడం ఒక్కటే. అది ఒకే వేగంతో హాయిగా తిరుగుతుంది. అలాంటి చోట కిందికీ మీదికీ కొట్టుకునే పిస్టన్ల ఇంజను దేనికి? విమానంలో ఉండే రకం చిన్న గ్యాస్ టర్బైను పెడితే బరువు తగ్గుతుంది, అదురు ఉండదు, చల్లబరచడానికి నీళ్లు అక్కర్లేదు, డీజిలు పోసినా కిరోసిను పోసినా తిరుగుతుంది. ఇదీ నా వాదన.

ఈ వాదన కొత్తది కాదు. పద్దెనిమిదేళ్ల క్రితం ఒక సదస్సులో ఇదే చదివాను. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దమనిషి జీడిపప్పు నములుతూ, "విమానం ఇంజను పెడితే మీ కారు ఎగురుతుందా మాస్టారూ?" అన్నాడు. హాలంతా నవ్వింది. ముందు వరసలో ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో సహా చెప్పగలను. ఆయన వేసుకున్నది లేత పసుపు చొక్కా. రెండో బొత్తం ఊడిపోయి ఉంది.

ఇప్పుడు ఫోను చేసినతని పేరు సన్యాసిరావు. విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం పవర్‌హౌసులో టర్బైను ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కూర్మన్నపాలెంలో ఇల్లు. "మా షెడ్డులో మీరు సెప్పిన బండి ఒకటుంది. ఒచ్చి సూడండి, ఏ సగం రైటో మీకే తెలుస్తాది" అన్నాడు.

నేను రైలెక్కింది చూడడానికి కాదు, ఆ రెండో సగాన్ని కూడా అతని చేత ఒప్పించడానికి.

కూర్మన్నపాలెం

విశాఖ స్టేషను బయట ఆటో అతను "ఎక్కడికి తాతా?" అన్నాడు. నాకు అరవై నాలుగు. అతనికి యాభై ఉంటాయి. ఆ మాటకు జవాబు చెప్పకుండా వేరే ఆటో ఎక్కాను. రెండో అతను మొదటి అతనికంటే ఎక్కువ అడిగాడు, కానీ 'సార్' అన్నాడు.

విశాఖ అంటే సముద్రం అనుకుని వచ్చేవాళ్లకు గాజువాక వైపు వెళ్లే రోడ్డు ఒక దెబ్బ. కంటైనరు లారీలు వరసగా కదలకుండా నిలబడి ఉంటాయి. చెట్ల ఆకులు ఆకుపచ్చగా ఉండవు, ఒక పక్క ఎర్రటి దుమ్ము, ఒక పక్క నల్లటి దుమ్ము. ఎడమ పక్క ఎక్కడో సముద్రం ఉందని గాలి జిడ్డుగా తగిలితేనే తెలుస్తుంది. కూర్మన్నపాలెం జంక్షను దగ్గర షిఫ్టు దిగిన కార్మికులు హెల్మెట్లు చేతికి తగిలించుకుని బళ్ల దగ్గర పూరీలు తింటున్నారు. మా కృష్ణా జిల్లాలో పూరీ అంటే బంగాళాదుంప కూర రావాలి. ఇక్కడ పల్చటి శనగపిండి కూర పోసి, దాన్ని బొంబాయి చట్నీ అన్నారు. మూడు పూరీలు నలభై రూపాయలు. బంగాళాదుంప లేదా అని అడిగితే బండి ఆమె, "ఏ ఊరు బాబూ మీది?" అంది, ఏదో రోగం పేరు అడిగినట్టు. చట్నీ మాత్రం బాగుంది. రెండోసారి వేయించుకున్నాను.

సన్యాసిరావు పొట్టి మనిషి. పొడుగు చేతులు. ఎడమ చూపుడు వేలికి పై కణుపు లేదు. నన్ను చూడగానే చేతులు తుడుచుకుని దండం పెట్టి, నేరుగా షెడ్డులోకి తీసుకెళ్లాడు. ఆయన భార్య అప్పలనర్సమ్మ స్టీలు గ్లాసులో టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నేను టీ తాగను. అడిగితే చెప్పేవాణ్ణి.

షెడ్డులో ఒక పాత వ్యాను ఉంది. పెట్రోలు ఇంజను పీకేసి, సీట్ల కింద బ్యాటరీలు, వెనక చక్రాలకు మోటారు పెట్టాడు. వెనక సామాన్ల చోట ఉంది అసలు సంగతి. రెండు పాత లారీల టర్బోఛార్జర్లు విప్పి, వాటితో టర్బైను కట్టాడు. మొదటిది గాలిని పీల్చి నొక్కి మంట దగ్గరికి తోస్తుంది. అక్కడి వేడిగాలి మొదటిదాన్ని తిప్పి, తర్వాత రెండోదాన్ని తిప్పుతుంది. రెండోదాని నుంచి బెల్టు మీదుగా జనరేటరుకు. గాలి పీల్చే గొట్టం వెనక పక్కకు వంగి, ఉమ్మెత్త పువ్వులా విచ్చుకున్న మూతితో బయటికి చూస్తోంది. మూతికి సన్నటి ఇత్తడి జాలీ బిగించి ఉంది. నేను పద్దెనిమిదేళ్ల కింద కాగితం మీద గీసిన బొమ్మ ఇనుముగా నా ముందు ఉంది. కళ్లు తడిసిన మాట నిజం. కిరోసిను వాసనకేమో అని ఆయన అనుకుని ఉంటాడు.

"మరి సగం అన్నారెందుకు?" అన్నాను, ఆలస్యం చేయకుండా.

ఆయన విడిగా ఉన్న ఒక చిన్న రెక్కల చక్రాన్ని, పై డొప్పతో సహా, నా అరచేతిలో పెట్టాడు. "రెక్క అంచుకీ డొప్పకీ నడుమ సందు సూడండి. మా పవర్‌హౌసు మిషను మనిషెత్తుంటాది. దాన్లో సందు ఎంటికంత. ఇది నా అరసేతంత. దీన్లోనూ సందు ఎంటికంతే. అంతకంటే తగ్గిత్తే రాసేత్తాది. దానికా సందు సిన్న కన్నం. దీనికి కిటికీ. గాలంతా ఆ కిటికీలోంచి పారిపోతాది. సిన్నది కట్టినకొద్దీ నూనె ఎక్కువ తాగుతాది. మీరు రాసినవన్నీ రైటే. ఈ ఒక్కటీ రాయనేదు."

నాకు తెలుసు. రాసే ఉండేవాణ్ణి, పత్రికవాళ్లు రెండు పేజీలే ఇచ్చారు. ఆ మాట చెప్పాను. ఆయన తల ఊపిన తీరు నాకు నచ్చలేదు.

భోజనాల దగ్గర అసలు విషయం తెలిసింది. అప్పలనర్సమ్మకు ఆ షెడ్డు కావాలి. ప్లాంటు కాంట్రాక్టు కార్మికులకు మెస్సు పెట్టాలని మూడేళ్లుగా ఆమె కోరిక. ఆమె తమ్ముడు పొయ్యిలు, గ్రైండరు చవకగా దొరికాయని ఎల్లుండి తెస్తున్నాడు. ఆమె వంట తింటుంటే ఆ కోరికలో న్యాయం ఉందనిపించింది. వంకాయ, ఎండురొయ్యలు. మా వైపు ఎండురొయ్యలు ఇంటికి తేవడానికే మొహమాటపడతారు.

"ఈయనకి ఒకే మాట సెప్పినాను మాస్టారూ" అంది ఆమె. "రేపు రేవుకెళ్లి సేపలు కొని, ఎలమంచిలిలో మా అప్ప రవణమ్మకి ఇచ్చి, తిరిగొచ్చి ఈ గేట్లో బండి నిలబెట్టమన్నాను. తాడు కట్టకుండా, తొయ్యకుండా. అలగొత్తే షెడ్డు ఆయనది. మా తమ్ముడికి నానే వద్దని సెప్తాను. నేదంటే నాది." అప్ప అంటే ఇక్కడ అక్క.

"బ్యాటరీ ఒక్కదానితో ఎంత దూరం పోతుంది?" అని అడిగాను.

"ముప్పై కిలోమీటర్లు" అన్నాడు సన్యాసిరావు. "మిగతాదంతా టర్బైను మీదే."

ఫిషింగ్ హార్బరు

తెల్లవారకముందే బ్యాటరీ మీద చప్పుడు లేకుండా రేవుకు చేరాం. వేట నిషేధం అయిపోయిన కొత్త రోజులు. బోట్లన్నీ ఒకదాని పక్క ఒకటి ఆనుకుని ఉన్నాయి. ఐసు గడ్డలు మరలో పడి పిండి అవుతున్న చప్పుడు, దాని మీద వేలం పాటగాళ్ల కేకలు. నేల మీద గుట్టలుగా పోసిన చేపల చుట్టూ ఆడవాళ్లు గొంతుక్కూర్చుని కనుబొమ్మలతో పాట పెంచుతున్నారు. మా ఊళ్లో చేపను మొప్పలెత్తి చూసి బేరమాడతాం. ఇక్కడ మొప్ప మీద వేలు పెట్టానో లేదో ఒకావిడ నా చేతి మీద కొట్టింది. "కొంటావా, వైద్యం సేత్తావా?"

వంజరం రెండు, కానాగంతలు ఒక బుట్ట తీసుకుని ఐసు పెట్టెలో సర్దాం. అక్కడికి సన్యాసిరావు స్నేహితుడు ఎల్లాజీ వచ్చాడు. వలలు బాగుచేసే మనిషి. పళ్ల మధ్య నైలాను దారం అలాగే పెట్టుకుని మాట్లాడతాడు.

"ఏటి బావా, బండికి ముక్కెట్టినావు?"

"ముక్కు కాదు బావా, నోరు. గాలి తింటాది."

"పూజ సేసినావా దీనికి?"

"ఎలమంచిలెల్లొచ్చినాక సేత్తాను."

"ఓర్నాయనో! కొత్త బోటుని పూజ సెయ్యకుండా నీళ్లలోకి దింపుతామేటి?" అని ఎల్లాజీ పువ్వుల కోసం వెళ్లిపోయాడు.

సన్యాసిరావు జాలీ విప్పాడు. దారిలో పట్టిన దుమ్ము, రేవు ఉప్పు గాలి కలిసి దాని కన్నాలు పూడుకుపోయాయి. కుళాయి కింద కడిగి ఐసు పెట్టె మీద ఆరబెట్టి, వ్యాను కిందికి దూరి నూనె గొట్టంలోని గాలి తీయడం మొదలుపెట్టాడు. నేను వంగి, "జాలీ బిగించకుండా..." అనబోయాను.

"మాస్టారూ, మీరలా పోయి బల్ల మీద కూకోండి. ఇది పుస్తకం పని కాదు" అన్నాడు కింద నుంచి.

చుట్టూ పాతిక మంది ఉన్నారు. నా చేతి మీద కొట్టినావిడ అందరికంటే గట్టిగా నవ్వింది. నేను వెళ్లి బల్ల మీద కూర్చున్నాను.

ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పకుండా దాచుకోవచ్చు. కానీ రాయకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది.

ఎల్లాజీ బంతిపూల దండ, నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు ఇనప తీగకు గుచ్చిన దిష్టి గుత్తి తెచ్చాడు. బోటుకైతే దండ ముందు కొమ్ముకు వేస్తారు. నీటిని చీల్చుకుంటూ పోయేది అదే కాబట్టి దానికే మొదటి మర్యాద. ఈ వ్యానుకు ముందు కొమ్ము లాంటిది ఏదీ లేదు. పొడుచుకొచ్చి కనబడుతున్నది ఆ గొట్టం ఒక్కటే. ఎల్లాజీ రెండుసార్లు చుట్టూ తిరిగి చూసి, ఎంతో భక్తిగా, దండను దాని మూతికి చుట్టి, దిష్టి గుత్తిని నడిమధ్యలో వేలాడదీశాడు. పసుపు రాశాడు. జాలీ ఐసు పెట్టె మీద ఎండకు మెరుస్తోంది.

అదంతా నేను చూశాను. చూసి నోరు మూసుకున్నాను. పుస్తకం పని కాదుగా, చూద్దాం అనుకున్నాను.

సన్యాసిరావు కింద నుంచి లేచి నేరుగా డ్రైవరు సీట్లోకి వెళ్లాడు. ఎల్లాజీ కొబ్బరికాయ కొట్టాడు. స్టార్టరు మూలిగింది, లోపల మంట అంటుకుంది, ఈల మొదలైంది. సన్నటి ఈల లావై, ఇంకా లావై, రేవులో కుక్కలన్నీ లేచాయి. నేను బల్ల మీంచి లేచాను. సరిగ్గా అప్పుడు బంతిపూల దండ దానంతటదే కదిలి, ఒక్క గుక్కలో లోపలికి వెళ్లిపోయింది. వెనకే నిమ్మకాయ. వెనకే తీగ.

రోట్లో గరిటెలు వేసి తిప్పినట్టు చప్పుడు. ఆ తర్వాత వెనక గొట్టం నుంచి పచ్చటి పొగ. టర్బైను మంటలో పది పచ్చిమిరపకాయలు మాడితే ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ లేదు. పాట ఆగిపోయింది. రేవంతా దగ్గు. పాటగాడు చీటీల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని పరిగెత్తాడు.

"ఘాటొచ్చింది! ఘాటొచ్చిందంటే దిష్టి నేదన్నమాటే!" అంది ఒక ముసలావిడ కళ్లు తుడుచుకుంటూ.

"దిష్టి నేకపోతే మరి బండేటి సచ్చిపోనాది?" అంది నన్ను కొట్టినావిడ.

బండి నిజంగానే చచ్చిపోయింది. సన్యాసిరావు వచ్చి మూతిలోకి చూశాడు. ఐసు పెట్టె మీది జాలీని చూశాడు. ఎల్లాజీని ఒక్క మాట అనలేదు. "నా తప్పే బావా. జాలీ తీసినోణ్ణి నానే కదా" అన్నాడు.

నేను చెప్పాల్సిన చోటు అది. చెప్పలేదు.

బోటు మెకానిక్కు బల్ల అడిగి తీసుకుని ఆయన పనిచేసిన తీరు గుర్తుంటుంది. గాలి పీల్చే చక్రంలో రెండు రెక్కల అంచులు వంగాయి. వాటిని ఆకురాయితో అరగదీశాడు. అంతటితో చక్రం ఒక పక్క తేలికవుతుంది కాబట్టి, బాగున్న ఎదుటి రెక్కలను కూడా అంతే అరగదీశాడు. ఇరుసును రెండు బ్లేడుల అంచుల మీద పెట్టి వదిలితే బరువైన పక్క మెల్లగా కిందికి తిరుగుతుంది. అక్కడ మళ్లీ ఒక గీత. ఊపిరి బిగపట్టి చూడడం, మళ్లీ గీత. రెండు గంటలు. నేను ఇరుసు పట్టుకున్నాను. జారుతుందేమోనని పిడికిలి బిగిస్తే, "గట్టిగా పట్టుకోకండి మాస్టారూ, పిట్టని పట్టినట్టు పట్టండి" అన్నాడు. ఆ మాట నాకు తప్పుగా తోచలేదు.

"సందు పెరిగిపోనాది. మూడొంతుల స్పీడే ఇత్తాను. దేవుడి దయ" అన్నాడు జాలీ బిగిస్తూ. నన్ను కొట్టినావిడ అడగకుండానే మా పెట్టెలో ఇంకో తట్ట ఐసు పోసింది.

హైవే మీద

నడిచింది. అది మాత్రం పద్దెనిమిదేళ్ల కింద నవ్విన వాళ్లందరికీ చెప్పాలి, నడిచింది. అనకాపల్లి దాటాక చెరకు తోటల మధ్య ఒకే వేగంతో పోతుంటే సీటు కింద అదురన్నదే లేదు. మోచేతి కింద గ్లాసులో నీళ్లు పెట్టినా తొణకవు. కష్టమంతా చెవులకే. వెనక ఈల. ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. ఒక మోటారుసైకిలు కుర్రవాడు మరీ దగ్గరికి వచ్చి, వేడిగాలి మోకాళ్లకు తగిలి తిట్టుకుంటూ తప్పుకున్నాడు. ఆ గాలికి కాగితం పెడితే మాడుతుంది. మనం పోసిన నూనెలో ఎక్కువ భాగం ఆ వేడిగా రోడ్డు మీద పారబోస్తున్నాం. ఆ వేడిని తిరిగి వాడుకునే సాధనం ఉంది, కానీ అది పెడితే టర్బైను తేలిక అన్న మాటే పోతుంది. ఇవన్నీ నాకు లెక్కల్లో తెలుసు. వీపుకు తగులుతుంటే వేరే.

ఆగిన ప్రతిచోటా జనం మూగి అడిగింది ఒకటే. "మైలేజీ ఎంత?" సన్యాసిరావు ప్రతివాడికీ నిజమే చెప్పాడు. ఇలాంటి వ్యాను మామూలుగా తాగేదానికి మూడింతలు. నేను పక్కనుంచి, "కాని ఏ నూనె పోసినా నడుస్తుంది, రిపేరు తక్కువ" అని సర్దబోయేవాణ్ణి. "రిపేరు తక్కువే" అనేవాడాయన, "పొద్దున రెండు గంటలే పట్టింది."

ఎలమంచిలిలో రవణమ్మగారు చేపల కంటే ముందు మమ్మల్ని చూసి, "మొహాలేటి అలగ నల్లగయిపోనాయి?" అంది. పెట్టెలో ఐసు ఇంకా ఉంది. వంజరం ముక్కలు వేయించి పెట్టింది, మామిడి అల్లంతో పప్పు. నాకు రెండోసారి వడ్డించే ముందు అడిగింది. అడగడం ఎంత చిన్న పని!

తిరుగు దారిలో నేను అడిగాను, "మీకేమనిపిస్తోంది? కారుకు పనికొస్తుందా?"

ఆయన వెనక నుంచి వస్తున్న లారీకి దారి వదిలాడు. "సిన్న కారుకి పనికిరాదు మాస్టారూ. రోజంతా ఆగకుండా తిరిగే పెద్ద బస్సుకైతే, పెద్ద రెక్కల సక్రం పెడితే, గిట్టుబాటవ్వొచ్చు. ఈ మాట నాకు రెండేళ్ల కిందే తెలుసు."

"తెలిసి ఎందుకు కట్టారు?"

"ముప్పై ఏళ్లు ఇంకోడి మిషను ఊడదీసి బిగించినాను. ఒకటి నాది అని తిరగాల గదా."

నా పాత వాదనలో సగం ఆ మాటతో పోయింది. కోపం రాలేదు. ఇలాంటి మనిషి పద్దెనిమిదేళ్ల కింద ఆ హాలులో ఉండి ఇదే మాట నవ్వకుండా చెప్పి ఉంటే నేను అప్పుడే ఒప్పుకునేవాణ్ణి.

లంకెలపాలెం దగ్గర ఈల గొంతు మారింది. కొద్దిగా బొంగురు. ఆయన బండి పక్కకు ఆపి, వెనక్కి వెళ్లి బేరింగు నూనె గొట్టం మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. "రెక్కల సక్రం ఊగుతోంది. బేరింగు కాలిపోతోంది. ఇంకా తిప్పితే ఇరుసే ఇరుగుతాది." టర్బైను ఆపేశాడు. తగ్గించిన స్పీడుకు పొద్దుటినుంచి బ్యాటరీ నిండనే లేదు. అందులో ఎంత ఉందో ముల్లు చూసి బండి కదిపాడు. కిటికీలు దించి, ఫ్యాను ఆపి, ఎవరో నడిచిపోతున్నంత మెల్లగా. జంక్షను దాటాం. వీధి మలుపు తిరిగాం. గేటు కనబడింది. గేటు దగ్గర అప్పలనర్సమ్మ కనబడింది.

బండి అక్కడ ఆగిపోయింది. గేటుకు నలభై అడుగులు.

గేటు ముందు

షిఫ్టు నుంచి వస్తున్న నలుగురు సైకిళ్లు దిగి బండిని లోపలికి తోశారు. అప్పలనర్సమ్మ గేటు రెండు తలుపులూ తీసి పట్టుకుంది.

"అప్పకి సేపలందినాయా?"

"అందినాయి."

"తొయ్యకుండా అన్నాను."

"అవును. షెడ్డు నీది" అన్నాడు సన్యాసిరావు. మాట ఎంత తేలిగ్గా అన్నాడో, తాళంచెవి తీయడానికి జేబులో అంతసేపు వెతికాడు.

"ఏటయినాది?"

"పొద్దున జాలీ కడిగి పెట్టడం మర్సిపోనాను. దండ లోపలికెళ్లిపోనాది."

ఆమె తాళంచెవి కోసం చెయ్యి చాపింది. నేను ఆ చేతికీ ఈ చేతికీ నడుమ నిలబడ్డాను.

"అమ్మా, తప్పు నాది" అన్నాను. "జాలీ లేదని నాకు తెలుసు. ఎల్లాజీ దండ వేయడం కళ్లారా చూశాను. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. రెక్కలు వంగకపోతే బేరింగు కాలేది కాదు, బండి ఈ గేట్లోకి తనంతట తనే వచ్చేది."

సన్యాసిరావు నా వైపు చూశాడు. ఆ చూపు నేను రాయలేను.

"సూసి కూడా సెప్పనేదా?" అంది ఆమె. "ఎందుకు?"

"నలుగురిలో నన్ను కూర్చోమన్నాడు. పుస్తకం పని కాదన్నాడు." ఆ మాట బయటికి వచ్చాక ఎంత చిన్నగా ఉందో నాకే వినబడింది.

ఆమె నవ్వలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. "మాస్టారూ, మెస్సెడతానని మూడేళ్ల కింద నాను సెప్పినప్పుడు ఈయన నాతోనూ అదే అన్నాడు. ఇది నీ పని కాదు, అలగ కూకో అన్నాడు. మా తమ్ముడి ముందర, మా అప్ప ముందర. మూడేళ్లు ఆ షెడ్డు ముందర నుంచే బిందెలు మోసినాను. తలుపు తీసే ఉండేది. నాను ఒక్క బోల్టు తియ్యనేదు."

జీవితంలో నన్ను తక్కువ చేసిన ప్రతివాడికీ జవాబు ఇచ్చాను, ఆలస్యంగానైనా, ఉత్తరం రాసైనా. ఇప్పుడు పక్కకు తప్పుకుని ఆమె చేతికి దారి ఇచ్చాను.

"ఆ మాట అన్నానా?" అన్నాడు సన్యాసిరావు నెమ్మదిగా.

"అన్నావు. ఆ రోజు తెలగపిండి కూర ఒండినాను."

ఆయన తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. నా కోసం మాట మార్చుకోలేదు, మార్చుకోవాలని నేనూ అడగలేదు. 

షెడ్డులో

మర్నాడు పొద్దున్నే ఆమె తమ్ముడు ఆటోలో పొయ్యిలు దించాడు. సన్యాసిరావూ నేనూ వ్యానులోంచి టర్బైనును విప్పి దించాం. ఇద్దరు మోయగల బరువే. ఈ ఇంజను గురించి నేను రాసిన వాటిలో ఎవరూ కాదనలేనిది అదొక్కటే. వ్యానును గేటు పక్కన పెట్టారు. అది ఇక మెస్సుకు కూరగాయలు తెస్తుందట, ముప్పై కిలోమీటర్ల లోపల.

షెడ్డు ఖాళీ అయింది. అప్పలనర్సమ్మ పొయ్యిలు ఎక్కడ, బల్లలు ఎక్కడ అని అడుగులు వేస్తూ కొలుచుకుంది. సన్యాసిరావు వెనక మూలకు వెళ్లి, సుద్దముక్కతో నేల మీద చిన్న చదరం గీశాడు. సరిగ్గా టర్బైను పట్టేంత, వేలు కూడా ఎక్కువ లేకుండా. "ఈ మూల వదిలేత్తావా? అడ్డం రాదు" అన్నాడు.

ఆమె వచ్చి చూసింది. గీతను కాలితో చెరిపేసింది. తమ్ముడు నవ్వబోయాడు. నేను నోరు తెరవబోయి, ఈసారి తెరవాలో వద్దో తెలియక నిలబడ్డాను.

ఆమె సుద్దముక్క అడిగి తీసుకుని, వంగి, చదరాన్ని మళ్లీ గీసింది. గోడ నుంచి రెండు బారలు బయటికి, కిటికీ వెలుగు పడేదాకా.

"మనిషి కూకోడానికి సోటొద్దేటి?" అంది.